కదలకుండా ఐదు నిమిషాలు: నెమ్మది యోగా ఎలా మొదలుపెట్టాలి

ఆసనంలో ఎంతసేపు ఉండాలి? లాగుతుంటే ఓర్చుకోవాలా, బయటికి వచ్చేయాలా? దిండ్లు పెట్టుకుంటే అది దొంగాట కాదా? నెమ్మది యోగా మొదలుపెట్టిన వాళ్లందరూ తిప్పి తిప్పి ఈ మూడే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా, చాప పరచుకోవడం దగ్గర నుంచి మర్నాడు నడుము ఎలా ఉందో చూసుకోవడం దాకా ఒకేచోట రాసిపెడితే మేలనిపించింది.

మొదటి ప్రశ్నకు జవాబు చిన్నది: రెండు నిమిషాలతో మొదలుపెట్టండి. మూడోదానికి ఇంకా చిన్నది: కాదు. మిగిలింది రెండోది. ఈ వ్యాసంలో సగం దాని చుట్టూనే తిరుగుతుంది.

ఏ యోగా గురించి ఈ మాటలు

నెమ్మదిగా, ఎక్కువసేపు నిలిచే పద్ధతుల్లో ఇప్పుడు బాగా వినిపించేవి రెండు. యిన్ యోగాలో కండరాలను బిగించకుండా వదులుగా ఉంచి, ఒక్కో భంగిమలో మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంటారు. కొంత లాగుతుంది, లాగాలి కూడా. 1970ల చివర్లో పాలీ జింక్ అనే యుద్ధకళల నిపుణుడు నేర్పిన దాని నుంచి ఇది పుట్టింది. తర్వాత యోగా బోధకులు పాల్ గ్రిల్లీ, సారా పవర్స్ దీన్ని వ్యాప్తిలోకి తెచ్చారు. రెండోది రెస్టోరేటివ్ యోగా. ఇందులో లాగడమే ఉండకూడదు. ఒంటి బరువంతా దిండ్లకూ దుప్పట్లకూ అప్పగించి పది, పదిహేను నిమిషాలు పడి ఉండటమే పని. ఆసరాలతో ఆసనాలు వేయించడంలో యోగా గురువు బి.కె.ఎస్. అయ్యంగార్ చేసిన కృషి దీనికి పునాది.

కింది క్రమంలో మొదటి భాగం యిన్, చివరి భాగం రెస్టోరేటివ్. కొత్తవారికి ఈ కలయికే బాగుంటుందని నా అభిప్రాయం. మొదటి రోజు నుంచే పూర్తి యిన్ చేస్తే ఒళ్లు మొండికేస్తుంది. పూర్తి రెస్టోరేటివ్ చేస్తే చాలామందికి మూడో రోజుకే విసుగు పుడుతుంది.

సిద్ధాంతం ఒక్క ముక్కే చెబుతాను. కండరాన్ని ఒక్కసారిగా గుంజితే అది తనను తాను కాపాడుకోవడానికి బిగుసుకుంటుంది. మెల్లగా, కొద్దిగా లాగి అక్కడే ఆగితే ఆ బిగువు క్రమంగా సడలుతుంది. కాబట్టి ఈ పద్ధతిలో బలం కన్నా సమయం ఎక్కువ పని చేస్తుంది. తుంటిలో దాగిన దుఃఖాలు బయటికి వస్తాయనీ, ఒంట్లోని విషాలు కారిపోతాయనీ కొందరు చెబుతారు. వాటిని నమ్మకపోయినా అభ్యాసానికి వచ్చిన లోటేమీ లేదు.

ముందు డాక్టరును అడగాల్సినవారు

వెన్నులో డిస్కు జారినవారు, కాలిలోకి పాకే నడుము నొప్పి ఉన్నవారు, ఎముకలు గుల్లబారినవారు ముందుకు వంగే ఆసనాలూ మెలికలూ సొంతంగా మొదలుపెట్టకూడదు. తుంటి లేదా మోకాలి కీలు మార్పిడి జరిగినవారూ అంతే. గ్లకోమా ఉన్నవారు, రక్తపోటు అదుపులో లేనివారు తల కిందికి వాలే భంగిమలకూ కాళ్లు పైకెత్తే వాటికీ దూరంగా ఉండాలి. గర్భిణులకు కీళ్లు మామూలుకన్నా వదులుగా ఉంటాయి. నెలలు పెరిగే కొద్దీ వెల్లకిలా ఎక్కువసేపు పడుకోవడమూ మంచిది కాదు. వారు గర్భిణులకు నేర్పడంలో శిక్షణ పొందినవారి దగ్గరే చేయాలి.

ఇంకొక వర్గాన్ని ఎవరూ హెచ్చరించరు. వేళ్లు వెనక్కి విరిచినా నొప్పి పుట్టనివారు, మోచెయ్యి అవతలి వైపుకు వంగేవారు, పుట్టుకతోనే కీళ్లు వదులుగా ఉన్నవారు. చూసేవాళ్లు "మీకు యోగా పుట్టుకతో వచ్చింది" అంటారు. నిజానికి ఎక్కువ జాగ్రత్త పడాల్సింది వీరే. వీరికి కండరం లాగకముందే కీలు సాగిపోతుంది. లాగడం తెలియలేదని ఇంకా లోతుకు వెళ్లకుండా, సగంలోనే ఆగిపోవాలి.

నొప్పి మాత్ర వేసుకున్న పూట చేయకండి. ఒళ్లు ఇవ్వాల్సిన హెచ్చరిక మీ దాకా రాదు.

కావలసినవి

- జారని చాప లేదా యోగా మ్యాట్. పలుచగా ఉంటే కింద ఒక దుప్పటి వేయండి.
- గట్టి దిండ్లు రెండు. మెత్తటి దూది దిండు నొక్కితే అణిగిపోతుంది, ఆసరా ఇవ్వదు. అలాంటివే ఉంటే రెండు కలిపి దుప్పటిలో బిగించి చుట్టండి.
- దుప్పట్లు మూడు. రెండు మడతపెట్టి ఆసరాకు, ఒకటి కప్పుకోవడానికి.
- ఖాళీ గోడ. లేదంటే కదలని కుర్చీ.
- మృదువైన శబ్దం వచ్చే టైమరు.

టైమరు విషయం చిన్నదిగా కనిపిస్తుంది కానీ కాదు. తొలి రోజుల్లో నేను పొద్దున నిద్ర లేపే అలారం శబ్దాన్నే పెట్టుకునేవాణ్ని. మూడు నిమిషాలు కష్టపడి సడలించిన ఒళ్లంతా ఆ మోతకు ఒక్క ఉలికిపాటుతో మళ్లీ బిగుసుకునేది. చిన్న గంట మోగినట్టుండే శబ్దం ఎంచుకోండి. ఫోనుకు మిగతా కబుర్లు రాకుండా ఆపి, తెర కిందికి ఉండేలా బోర్లా పెట్టండి. గడియారం కనిపిస్తుంటే కన్ను దానిమీదే ఉంటుంది.

తిన్న తర్వాత రెండు, మూడు గంటలు గడవనివ్వండి. సాయంత్రం లేదా రాత్రి పడుకునే ముందు అనువైన సమయం. నిద్ర లేచిన వెంటనే మాత్రం ముందుకు వంగేవి వద్దు. రాత్రంతా పడుకుని ఉండటం వల్ల వెన్నెముక మధ్యనుండే డిస్కులు నీరు పీల్చి ఉబ్బి ఉంటాయి, ఆ సమయంలో వంగితే వాటిమీద ఒత్తిడి ఎక్కువ. పరుగు, బరువులెత్తడం, ఆటల పోటీ వంటివి ఉంటే వాటికి ముందు ఇది చేయకండి. ఎక్కువసేపు సాగదీసిన కండరానికి కాసేపు పట్టు తగ్గుతుంది.

ఒళ్లు చెప్పే మాటలు

ఇప్పుడు ఆ రెండో ప్రశ్న. ఓర్చుకోవాలా, రావాలా? "నొప్పిగా ఉంది" అనే ఒక్క మాటతో దీనికి జవాబు దొరకదు. అదృష్టవశాత్తూ మన భాషలో ఒంటి బాధలకు రకరకాల మాటలున్నాయి. భంగిమలో ఉండగా మీకు కలుగుతున్నదానికి సరైన మాట వెతకండి. ఆ మాటే నిర్ణయం చెప్పేస్తుంది.

లాగుతోంది, బరువుగా ఉంది, వెచ్చబడుతోంది, మొద్దుగా నొప్పిగా ఉంది: ఉండవచ్చు.

వణుకుతోంది, సలుపుతోంది, పట్టేసినట్టుంది: భంగిమలోనే ఉండి కొంచెం వెనక్కి రండి. కింద ఇంకో దిండు చేర్చండి. అర నిమిషంలో తగ్గకపోతే బయటికి రండి.

పోటు పెడుతోంది, గుచ్చుతోంది, మండుతోంది, తిమ్మిరెక్కుతోంది, జివ్వుమంటోంది, కలుక్కుమంది: అక్కడితో చాలు. మెల్లగా, వెంటనే బయటికి రండి. టైమరు మోగేదాకా ఆగకండి.

మాటతోపాటు చోటు కూడా చూడాలి. కండ నిండుగా ఉండే మధ్యభాగంలో లాగుతుంటే పరవాలేదు. మోకాలి లోపలి వైపు, చీలమండ దగ్గర, నడుములో ఒకే బిందువు దగ్గర, కూర్చున్నప్పుడు నేలకు తగిలే పిరుదు ఎముక దగ్గర లాగితే అది కీలు లేదా స్నాయువు అతుకు. అక్కడ లాగకూడదు. మోకాలి వెనక నుంచి పిక్కలోకి సన్నటి తీగ గుంజినట్టుంటే అది నరం. మోకాలు వంచేయండి.

దీన్ని ఇంతగా సాగదీయడానికి కారణముంది. నేను మొదలుపెట్టిన రెండో నెలలో కపోతాసనం వంటి భంగిమలో, ముందు కాలు అడ్డంగా మడిచి దానిమీద వాలి ఉన్నాను. నాలుగో నిమిషంలో కుడి మోకాలి లోపలి అంచున ఒక చిన్న పోటు మొదలైంది. తుంటిలో మాత్రం హాయిగా లాగుతోంది. "ఇంకొక్క నిమిషమే కదా" అనుకున్నాను. ఆ నిమిషం ఖరీదు నెల రోజులు మెట్లు ఒక్కొక్కటిగా, పక్కకు తిరిగి దిగడం. అందుకే కింది క్రమంలో ఆ ఆసనం లేదు. దాని పని చేసేదే వేరొకటి పెట్టాను.

క్రమం

మొత్తం దాదాపు నలభై నిమిషాలు. మొదటి వారం 1, 3, 7, 8 అంకెలు మాత్రమే చేయండి. రెండో వారం నుంచి ఒక్కొక్కటి చేర్చుకోవచ్చు. ప్రతి భంగిమ తర్వాత ఒక నిమిషం వెల్లకిలా లేదా బోర్లా ఊరికే పడుకోవాలి. ఆ నిమిషాన్ని మింగేయకండి.

1. ఒంటిని వెచ్చబరచడం (3 నిమిషాలు). చేతులు, మోకాళ్లు నేలకు ఆనించి పిల్లిలా నిలబడండి. శ్వాస వదులుతూ వీపు పైకి గుండ్రంగా చేయండి, పీలుస్తూ మెల్లగా కిందికి దించండి. ఆరేడు సార్లు చాలు. మోకాళ్లు నొక్కుకుంటే కింద దుప్పటి మడత వేయండి. తర్వాత వెల్లకిలా పడుకుని, శ్వాస ముక్కుతో ఎలా వస్తూ పోతూ ఉందో ఒక నిమిషం చూడండి. ఈ రోజు నడుము ఎలా ఉంది, మెడ ఎలా ఉంది అని గుర్తుపెట్టుకోండి. చివర్లో పోల్చుకోవడానికి పనికొస్తుంది.

2. సీతాకోకచిలుక (2 నుంచి 3 నిమిషాలు). మడతపెట్టిన దుప్పటి అంచుమీద కూర్చోండి. అరికాళ్లు రెండూ కలిపి, మడమలను ఒంటికి దూరంగా, జానెడున్నర అవతల ఉంచండి. బద్ధకోణాసనంలో మాదిరి మడమలను దగ్గరికి గుంజుకోవద్దు. కాళ్ల మధ్య పొడుగాటి వజ్రం ఆకారం రావాలి. ఒక్కో మోకాలి కింద ఒక దిండు పెట్టండి. చేతులు వదిలేసి, వీపు గుండ్రంగా, తల బరువుగా ముందుకు వాలనివ్వండి. వీపును నిటారుగా ఉంచాలని కష్టపడకండి, ఇక్కడ ఆ నియమం లేదు.

మెడ వెనక ఎక్కువ గుంజితే, మడమల మీద దిండు నిలబెట్టి దానిమీద నుదురు ఆనించండి. అసలు వంగలేకపోతే, గోడకు వీపు ఆనించి నిటారుగా కూర్చోండి. నడుము నొప్పి ఉన్నవారు అదే చేయాలి. మోకాళ్లను చేతులతో కిందికి నొక్కడం ఈ భంగిమలో అందరూ చేసే తప్పు. వాటిని అలా వదిలేయండి.

బయటికి రావడం: ముందు చేతులు నేలకు ఆనించి ఒంటిని పైకి లేపండి. తర్వాత చేతులతోనే మోకాళ్లను ఎత్తి దగ్గరికి చేర్చండి, కాళ్ల బలంతో కాదు.

3. ఆసరాతో బాలాసనం (3 నిమిషాలు). మోకాళ్లు విడదీసి కూర్చుని, మధ్యలో రెండు దిండ్లు పొడుగ్గా ఒకదానిమీద ఒకటి పెట్టి, పొట్ట నుంచి చెంప దాకా వాటిమీద వాలిపోండి. సగం సమయం తల ఒక వైపు, సగం సమయం రెండో వైపు. పిరుదులకూ మడమలకూ మధ్య ఖాళీ ఉంటే అక్కడ మడత దుప్పటి దూర్చండి. చీలమండలు నొప్పిపుడితే వాటి కింద చిన్న గుడ్డ చుట్ట పెట్టండి.

ఆసరా సరిపోయిందో లేదో తెలుసుకోవడం సులభం: భుజాలు చెవుల వైపు ఎత్తుకుని ఉంటే దిండ్ల ఎత్తు చాల్లేదు. మోకాళ్లు అంతగా మడవలేనివారు కుర్చీలో కూర్చుని, ఎదురుగా ఉన్న బల్లమీద దిండు వేసి దానిమీద వాలండి. ప్రయోజనం పెద్దగా తగ్గదు.

4. మోచేతుల మీద బోర్లా (1 నుంచి 2 నిమిషాలు). బోర్లా పడుకుని మోచేతులను భుజాలకన్నా కొంచెం ముందు ఆనించి ఛాతీ ఎత్తండి. పిరుదులు వదులుగా ఉండాలి. నడుములో కొద్దిగా నొక్కినట్టు ఉండటం సహజం. పోటుగా ఉంటే మోచేతులు ఇంకా ముందుకు జరపండి. అప్పటికీ తగ్గకపోతే అరచేతులు ఒకదానిమీద ఒకటి పెట్టి వాటిమీద గడ్డం ఆనించి పడుకోండి. చిటికెన వేలు తిమ్మిరెక్కితే మోచేతి దగ్గర నరం నొక్కుకుంటోందని అర్థం. బయటికి వచ్చి, మోచేతుల కింద మడత దుప్పటి వేసుకుంటే తగ్గుతుంది.

దీని తర్వాత చెంప నేలకు ఆనించి ఒక నిమిషం పూర్తిగా బోర్లా పడుకోండి. వెంటనే ముందుకు వంగి వీపు గుండ్రం చేయాలని ఒళ్లు తొందరపెడుతుంది. ఆగండి.

5. వెల్లకిలా నాలుగు అంకె (ఒక్కో వైపు 2 నిమిషాలు). కపోతాసనానికి బదులుగా పెట్టింది ఇదే. వెల్లకిలా పడుకుని మోకాళ్లు వంచండి. కుడి చీలమండను ఎడమ తొడమీద, మోకాలికి కాస్త ఇవతల పెట్టండి. తలకింద పలుచని దుప్పటి. ఎడమ పాదాన్ని గోడకు ఆనిస్తే చేతులతో ఏమీ పట్టుకోవాల్సిన పని ఉండదు. గోడకు ఎంత దగ్గరగా జరిగితే అంత ఎక్కువ లాగుతుంది. కాబట్టి ముందు దూరంగా పడుకుని, అవసరమైతేనే జరగండి. లాగడం కుడి పిరుదు బయటి భాగంలో తెలియాలి. మోకాల్లో తెలిస్తే గోడకు దూరం జరగండి, లేదా పాదాన్ని తొడమీద నుంచి దించేసి మోకాళ్లు మాత్రం ఒకదానిమీద ఒకటి వేసుకోండి.

మోకాలికి కొంచెం కింద, బయటి వైపు, చర్మానికి చాలా దగ్గరగా ఒక నరం ఎముకను చుట్టుకుని వెళుతుంది. అక్కడ ఒత్తిడి పడితే పాదం పైభాగం తిమ్మిరెక్కుతుంది. అలా జరిగితే భంగిమ సర్దుకోవడం కాదు, ఆపేయాలి. రెండో వైపు చేసేటప్పుడు తేడా కనిపిస్తే కంగారు పడకండి. కుడి ఎడమలు ఒకేలా ఉండేవాళ్లు అరుదు. బిగుసుకున్న వైపును శిక్షించడానికి అదనంగా ఒక నిమిషం ఉంచే అలవాటు చాలామందికి ఉంది. దాని అవసరం లేదు.

6. పడుకుని మెలిక (ఒక్కో వైపు 2 నిమిషాలు). వెల్లకిలా పడుకుని, రెండు మోకాళ్లూ పొట్ట వైపు తెచ్చి, రెండింటినీ కలిపి ఎడమకు వాల్చండి. అవి నేలను తాకకముందే అక్కడ దిండు ఉండాలి. రెండు మోకాళ్ల మధ్య ఇంకో దిండు. కుడి భుజం గాల్లో తేలుతుంటే దానికిందా ఏదైనా పెట్టండి, లేదా మోకాళ్ల కింద ఎత్తు పెంచండి. ఈ భంగిమలో గాల్లో తేలే భాగమేదీ ఉండకూడదు. తల ఎటు హాయిగా ఉంటే అటు. తిరిగి వచ్చేటప్పుడు రెండు మోకాళ్లనూ ఒకేసారి ఎత్తవద్దు. పై కాలు ముందు, తర్వాత రెండోది.

7. గోడమీద కాళ్లు (5 నిమిషాలు). ఈ క్రమంలో అందరికీ నచ్చేది ఇదే, ఎక్కడం మాత్రం అందరికీ కష్టం. గోడకు పక్కగా, తుంటి గోడకు తగిలేలా కూర్చోండి. పక్కకు ఒరిగి పడుకుంటూ, తిరుగుతూ కాళ్లను గోడమీదికి పంపండి. తొడల వెనక గుంజితే పిరుదులను గోడకు ఒక జాన దూరం జరపండి. మోకాళ్లు కొంచెం వంగి ఉన్నా పరవాలేదు. నడుము కింద పలుచగా దుప్పటి, కళ్లమీద చిన్న గుడ్డ.

తిమ్మిరెక్కితే వెంటనే బయటికి రావాలన్న మాటకు ఇది మినహాయింపు: ఇందులో కాళ్లు తిమ్మిరెక్కడం మామూలే. మోకాళ్లు వంచి అరికాళ్లు కలిపి గోడమీదే కిందికి జార్చుకుంటే తగ్గుతుంది. గోడ కుదరకపోతే, పిక్కలను కుర్చీమీద ఆనించి పడుకోండి. నడుము నొప్పి ఉన్నవారికి నిజానికి కుర్చీయే మేలు. ముఖం ఉబ్బరించినట్టు, కళ్లలో ఒత్తిడిగా ఉంటే కాళ్లు దించేయండి.

8. శవాసనం (5 నిమిషాలు లేదా ఎక్కువ). మోకాళ్ల కింద దిండు, తలకింద పలుచని మడత, ఒంటిమీద దుప్పటి. కదలకుండా ఉన్నప్పుడు ఒళ్లు త్వరగా చల్లబడుతుంది, చల్లబడితే కండరాలు మళ్లీ బిగుస్తాయి. అందుకే వేడి రోజైనా పాదాలమీదైనా ఏదో ఒకటి కప్పుకోండి. ముగించేటప్పుడు వేళ్లు కదిలించి, పక్కకు ఒత్తిగిలి, పది శ్వాసలు అలాగే ఉండి, చేత్తో నేలను నెట్టుతూ లేవండి. తల ఆఖరున లేవాలి. ఒక్క ఉదుటున లేస్తే కళ్లు తిరుగుతాయి.

శ్వాస సంగతి

ముక్కుతో మామూలుగా తీసుకోండి. వదలడం కాస్త పొడుగ్గా ఉంటే చాలు. నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. టైమరు లేకపోతే ఇదే లెక్క: అలాంటి పన్నెండు శ్వాసలు సుమారు రెండు నిమిషాలు. లెక్క చికాకు పెడితే మానేయండి. శ్వాసను బిగబట్టడం మాత్రం ఎప్పుడూ వద్దు. తెలియకుండానే బిగబడుతున్నారంటే ఒంటికి ఆ లోతు నచ్చలేదన్నమాట.

ఎక్కువమంది చేసే తప్పులు

అన్నింటికన్నా ముందుది, మొదటి పది సెకన్లలోనే వెళ్లగలిగినంత లోతుకు వెళ్లిపోవడం. మీ హద్దు పది అనుకుంటే ఆరు దగ్గర ఆగండి. రెండు నిమిషాలయ్యేసరికి ఆ ఆరే ఎనిమిదిలా అనిపిస్తుంది. మొదట్లోనే పదికి వెళితే, మిగిలిన సమయమంతా పళ్లు బిగించి కూర్చోవడమే అవుతుంది. భంగిమలో చేరిన తొలి అర నిమిషం "ఏమీ లాగడం లేదే" అనిపిస్తే సంతోషించండి. సరైన చోటే ఉన్నారు.

రెండోది, దిండు అడగడానికి మొహమాటం. పక్కవాళ్లు నేలను తాకుతున్నారు, నేను దిండుమీద ఉన్నాను అన్న చిన్నతనం. తుంటి ఎముక గుంత లోతు, తొడ ఎముక తిరిగిన కోణం మనిషి మనిషికీ మారతాయి. కొందరికి మోకాలు నేలకు తగలకుండా అడ్డుపడేది కండరం కాదు, ఎముకకు ఎముక తగలడమే. దాన్ని ఏళ్ల తరబడి చేసినా సాగదీయలేరు, సాగదీయాల్సిన అవసరమూ లేదు.

మూడోది, కదులుతూనే ఉండటం. దురద, జుట్టు, బట్ట మడత, ఫోను. మొదటి అర నిమిషం ఎంత కావాలంటే అంత సర్దుకోండి. తర్వాత బాధకైతేనే కదలండి, విసుగుకు కదలకండి. విసుగుకూ బాధకూ తేడా తెలియకపోతే ఒక చిట్కా: కదలాలనిపించినప్పుడు మూడు శ్వాసలు ఆగండి. విసుగైతే ఈలోపు వేరే ఆలోచనలోకి జారిపోతుంది. బాధైతే అక్కడే ఉంటుంది, పెరుగుతుంది కూడా. తిమ్మిరి, పోటు వంటి వాటికి మాత్రం ఈ మూడు శ్వాసల గడువు లేదు.

దవడ బిగించడం, వేళ్లు ముడవడం కూడా చూసుకోండి. తుంటిని సడలిస్తున్నామనుకుంటూ ముఖం ముడుచుకుని ఉంటాం.

ఇంకొకటి, రోజూ చేయడం. ఉత్సాహం మంచిదే కానీ మొదటి నెల వారానికి రెండు, మూడు రోజులు చాలు. 7, 8 మాత్రం రోజూ చేసుకోవచ్చు, అవి విశ్రాంతి కిందే లెక్క. అలాగే ఇది నడకకూ బలం పెంచే వ్యాయామానికీ బదులు కాదు. కీళ్లను పట్టి ఉంచేది కండరాల బలమే.

సరిగా చేశామా అని చూసుకోవడం

మూడుసార్లు చూడాలి.

బయటికి వచ్చిన వెంటనే: కాసేపు ఒళ్లు ముసలిదైపోయినట్టు, కీళ్లు మొరాయిస్తున్నట్టు ఉంటుంది. ఇది చాలామందిని భయపెడుతుంది. ఒకటి రెండు నిమిషాల్లో పోతే మామూలే. లేవడానికి ఎవరైనా చెయ్యి అందించాలి అన్నంతగా ఉంటే లోతు ఎక్కువైంది, లేదా సమయం ఎక్కువైంది.

పావుగంట తర్వాత: నాలుగడుగులు నడవండి. మొదట్లో వెల్లకిలా పడుకుని గుర్తుపెట్టుకున్న నడుము, మెడలతో పోల్చుకోండి. వెచ్చగా, తేలికగా, కొంచెం మత్తుగా ఉండాలి. నడుము నిలవనట్టు, కీలు జారినట్టు ఉంటే తర్వాతి సారి అన్నీ సగం లోతులోనే చేయండి.

మర్నాడు: కండలో కొద్దిపాటి పచ్చినొప్పి ఉండవచ్చు. మోకాలు, పిరుదు ఎముక, నడుము మధ్యభాగం వంటి ఒక చోట వేలు పెట్టి చూపగలిగే నొప్పి ఉంటే, కారణమైన భంగిమను రెండు వారాలు తీసేయండి. ఏ భంగిమో తెలియకపోతే అనుమానం మొదట 2 మీద, తర్వాత 5 మీద పెట్టుకోండి. తిమ్మిరి మర్నాటి దాకా మిగిలినా, కాలిలో బలం తగ్గినట్టున్నా చేయడం ఆపేసి డాక్టరుకు చూపించాలి.

పతంజలి ఆసనాన్ని నిర్వచించింది రెండు మాటలతో: స్థిరం, సుఖం. మీ భంగిమలో స్థిరం ఉండి సుఖం లేకపోతే దిండు చేర్చండి. సుఖం ఉండి స్థిరం లేకపోతే, అంటే మాటిమాటికీ కదులుతుంటే, సమయం తగ్గించండి.

సమయం పెంచడం

రెండు నిమిషాలు ఏ సర్దుబాటూ లేకుండా వరుసగా మూడుసార్లు ఉండగలిగితే, అర నిమిషం పెంచండి. సమయమూ లోతూ ఒకే రోజు పెంచకూడదు. ఐదు నిమిషాలకు చేరడానికి రెండు, మూడు నెలలు పట్టవచ్చు. 4వదాన్ని, అంటే మోచేతుల మీద బోర్లా భంగిమను, మాత్రం మూడు నిమిషాలు దాటించకండి. 7, 8లను పదిహేను నిమిషాల దాకా పొడిగించుకోవచ్చు.

నిద్ర పడితే? శవాసనంలోనైతే పడుకోండి, టైమరు లేపుతుంది. మెలికలోనో సీతాకోకచిలుకలోనో నిద్రపోతే మాత్రం ఒళ్లు హెచ్చరించినా వినేవారుండరు. అంత అలసిన రోజు 1 నుంచి 6 దాకా వదిలేసి, కుర్చీమీద కాళ్లు పెట్టుకుని దుప్పటి కప్పుకోండి.